నల్లమడుగు దగ్గర తుల్సీరాం

వెంకటప్పయ్యకు కొండల పిచ్చి పట్టింది ఏ కొండ మీదో కాదు, పాల్వంచలో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరొకాయన ఎప్పుడో హిమాలయాల్లో వీపున సంచి తగిలించుకుని వారం రోజులు నడిచాడట. మంచు కనుమలు, వాటి నడుమ నీలంగా మెరిసే సరస్సులు, ఆ ఫోటోలన్నీ తెచ్చి టీ బల్ల మీద పరిచాడు. అందరూ చూశారు, ఆహా అన్నారు, టీ తాగి డ్యూటీకి పోయారు. వెంకటప్పయ్య మాత్రం ఊరుకోలేదు. ఊరుకుంటే ఆయన వెంకటప్పయ్య ఎందుకవుతాడు?

"ఏం, మనకి లేవా కొండలు? మనకి లేవా మడుగులు?" అని బల్ల గుద్దాడు. "కిన్నెరసాని అవతల ఎక్కామంటే గోదారి గట్టు దాకా అన్నీ కొండలే. జోడుమడుగులున్నాయి, తామరగుంట ఉంది, నల్లమడుగుంది. మధ్యలో గాలికనుమ. నాలుగు రోజులు నడిచి భద్రాచలంలో తేలదాం. ఆ ఇంజనీరు మొహాన మన ఫోటోలు కూడా కొట్టి చూపిస్తా చూడండి!"

మాటలు కోటలు దాటే మనిషే. కల్లూరు దగ్గర పొలాలున్న ఇల్లు, తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, నోరు కూడా ఆ వైపుదే. ఆయన మాటల్లో పదో వంతు జరిగినా ఈపాటికి జిల్లా అంతా ఆయన పేరు మీద ఉండేది. కానీ ఈసారి ఎందుకో మాటలతో పాటు కాళ్ళు కూడా గడప దాటాయి. కాలనీ దర్జీ చేత టార్పాలిన్ గుడ్డతో మూడు వీపుసంచులు కుట్టించాడు. కార్తీకంలో వానలు వెనకబట్టాయని తేల్చి సెలవు పెట్టాడు. ఎనభై మూడో సంవత్సరం సంగతిది.

వెంట వచ్చింది ఇద్దరు. ఒకడు బామ్మర్ది బసవపున్నయ్య. వైరాలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. బావ ఏమంటే అది వేదం. రెండోవాడు తుల్సీరాం. ఫ్యాక్టరీలో వెంకటప్పయ్యతో పాటు బాయిలర్ దగ్గర ఆపరేటరు. వాళ్ళ తండాలో మొట్టమొదట జీతం మొహం చూసినవాడు. పెళ్ళాం రూప్లితో కాలనీలోనే, వెంకటప్పయ్య క్వార్టరుకు రెండు వరసల వెనక ఉంటాడు. మాట తక్కువ. నవ్వమంటే నవ్వుతాడు, ఆగమంటే ఆగుతాడు.

ఆ ఆగడం దగ్గరే ఉంది కథంతా. తుల్సీరాం ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పింది వెంకటప్పయ్యే. "చూడు తుల్సీ, బాయిలర్ దగ్గర మనిషి లేకుండా ఒక్క క్షణం కూడా ఉండకూడదు. నీ తర్వాత షిఫ్టువాడు, నీ రిలీవరు, వచ్చి ఎదురుగా నిలబడి, ఇక నువ్వు పో అనేదాకా కుర్చీ వదలొద్దు. ఇల్లు తగలబడుతోందన్నా వదలొద్దు," అని మొదటిరోజే చెప్పాడు. చెప్పిన మహానుభావుడు మాత్రం బస్సుందని, చుట్టాలొచ్చారని, తలనొప్పని పావుగంట ముందే జారుకునేవాడు. ఆ పావుగంట కాసింది ఎవరు? తుల్సీరామే. ఒకసారి తన పిల్లకు జ్వరమని కబురొచ్చినా రిలీవరు వచ్చేదాకా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చున్నాడు. అది చూసి వెంకటప్పయ్య నలుగురిలో గర్వంగా చెప్పుకున్నాడు, "నేను తయారుచేసిన మనిషి!" అని.

మొదటి రెండు రోజులూ బ్రహ్మాండంగా గడిచాయి. జోడుమడుగుల గట్టున వండుకు తిన్నారు. తామరగుంటలో ఈతలు కొట్టారు. బసవపున్నయ్య కొత్త బూట్లు కరిచి కుంటుతుంటే, "పెళ్ళికూతురు నడిచినట్టు నడుస్తున్నాడ్రోయ్ మా బామ్మర్ది," అని వెంకటప్పయ్య ఏడిపించాడు. బియ్యం, గిన్నెలు, గొడ్డలి తుల్సీరాం వీపున ఉన్నాయి. దుప్పటీ, ట్రాన్సిస్టరు వెంకటప్పయ్య సంచిలో ఉన్నాయి. ఎవరూ అలా పంచమనలేదు, దానంతటదే అలా కుదిరింది.

మూడోనాడు పొద్దుటే ముసురు పట్టింది. కార్తీకంలో ముసురేమిటని వెంకటప్పయ్య ఆకాశాన్ని నాలుగు తిట్లు తిట్టాడు. సముద్రంలో వాయుగుండమో ఏమో, ఈయన తిడితే ఆగుతుందా? ఆగుదామా అని తుల్సీరాం ఒకసారి అడిగాడు. "ఇంత దూరం వచ్చి కనుమ దాటకుండా ఆగితే ఆ ఇంజనీరు నవ్వడూ?" అన్నాడు వెంకటప్పయ్య. సరే, ఎక్కారు. గాలికనుమ దాటి దిగుతుంటే నాచు పట్టిన బండ మీద బసవపున్నయ్య కాలు జారింది. రెండు నిలువుల లోతు దొర్లాడు. పసిపిల్లలు పిలిచినట్టు అక్కను పిలుస్తూ ఒకటే అరుపు. పోయి చూస్తే కుడికాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది.

ఇద్దరూ కలిసి అతన్ని నల్లమడుగు గట్టు దాకా మోశారు. నల్లమడుగంటే చుట్టూ కొండ, మధ్యలో నల్లటి నీళ్ళు. ఒక కొసన నీళ్ళు లోయలోకి దూకుతాయి. గట్టు మీద గొడుగులా ముందుకొచ్చిన పెద్ద బండ ఉంది. దాని కింద పడుకోబెట్టి, వెదురు బద్దలు పెట్టి కాలికి కట్టు కట్టాడు తుల్సీరాం. తప్పంతా తనదేనని వెంకటప్పయ్యకు గుండెల్లో తెలుసు గానీ, ఆ మాట నోటితో అనే అలవాటు పుట్టినప్పటి నుంచీ లేదు.

"తుల్సీ, నువ్వు వీడి దగ్గరుండు. నేను మళ్ళీ కనుమ దాటి దిగి, గూడెంలో మనుషుల్ని పట్టుకొస్తా. రేపు పొద్దుగూకేలోపల ఇక్కడుంటా," అన్నాడు. "ఒకటే మాట. నేనొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలొద్దు. ఈ ముసురులో నేను మనుషుల్ని తెచ్చేసరికి మీరు ఇంకోచోటికి పోతే అడవంతా ఎక్కడ వెతికేది?"

"అవ్, కదల. నువ్వొచ్చినాకనే కదులుత," అన్నాడు తుల్సీరాం. "నువ్వు పైలం అన్నా. బండలు జారుతున్నయ్."

పైలంగానే దిగాడు గానీ, దిగేసరికి చలిజ్వరం పట్టుకుంది. ఏజెన్సీ దోమలకు కల్లూరువాడనీ పాల్వంచవాడనీ తేడా ఏముంది? దారిలోనే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. కోయగూడెం మొదటి గుడిసె ముందుకు వచ్చేసరికి కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆ గుడిసె దూలయ్య అనే పెద్దాయనది. ముక్కూమొహం తెలియని మనిషిని లోపలికి మోసుకెళ్ళి, నెగడు పెట్టి, జావ పోసి చూసుకున్నారు ఆలూమగలు. వెంకటప్పయ్య మాత్రం రెండు రోజులు ఒంటి మీద తెలివి లేకుండా ఏదేదో కలవరించాడు.

మూడోరోజు పొద్దుటికి జ్వరం దిగింది. కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో గుర్తు చేసుకుని, లేచి కూర్చుని కేకలేశాడు. "నా మనుషులు! పైన నల్లమడుగు కాడ ఇద్దరున్నారు. ఒకడికి కాలిరిగింది. ఎన్నాళ్ళయింది నేనిక్కడ పడి?"

దూలయ్య ఇంకో మాట అడగలేదు. తలకు తువ్వాలు చుట్టి, గొడ్డలి అందుకుని నలుగురు మగవాళ్ళను పిలిచాడు. వాళ్ళు కదలబోతుండగా వెదురు వేసుకుపోయే లారీ ఒకటి గూడెం ముందు ఆగింది. ఇంజనుకు నీళ్ళు పోద్దామని దిగిన డ్రైవరు మోతీ ఈ మాటలు విన్నాడు.

"నల్లమడుగు కాడ కాలిరిగినాయననా?" అన్నాడు. "గాయన్ను మా వెదురు కూలోళ్ళు చూసి అవుతలి దిక్కుకు డోలీల మోసుకపోయిండ్రు గద. మొన్ననే భద్రాచలం దవాఖానల వేసిండ్రు. కట్టు గూడ కట్టిండ్రంట."

వెంకటప్పయ్య ప్రాణం లేచొచ్చింది. "కాలు దక్కుద్దంటనా?"

"దక్కకేం, దక్కుతది."

"వాళ్ళ అక్కకి తెలిసిందా?"

"ఎవరో ఆడామె వచ్చిందని విన్న. పక్కనే కూసున్నదంట."

"అన్నం తింటున్నాడా? నొప్పి తగ్గిందా?"

"గవన్ని నాకేం ఎరుక సారూ! నేను లారీ నడిపెటోణ్ణి," అని నవ్వాడు మోతీ. "పాల్వంచ దిక్కే పోతున్న. వస్తవా మరి?"

అప్పుడు దూలయ్య అడ్డొచ్చాడు. "ఇద్దరన్నవు గద నాయనా. రెండో మనిషేడి?"

"వాడూ వీడితో పాటే పోయుంటాడులే. ఈణ్ణి మోసుకుపోయాక వాడొక్కడూ అక్కడేం చేస్తాడు?"

"ఎందుకన్న మంచిది, ఒకపాలి ఎక్కి చూసొస్తం. నువ్వు రేపటి దాక ఈడనే పండు."

"వద్దులే పెద్దాయనా, మీకెందుకు శ్రమ," అన్నాడు వెంకటప్పయ్య.

శ్రమట! ఆయన ఒంటికి పట్టిన మర్యాద కాదది. వాళ్ళు ఎక్కి దిగేదాకా ఇంకో రాత్రి ఆ గుడిసెలో పడుకోవాలి. ఎదురుగా లారీ ఉంది. లారీ ఎక్కితే సాయంత్రానికి ఇల్లు, పరుపు, వేడివేడి మిరియాల చారు. జ్వరం పడి లేచిన మనిషికి ఇల్లు గుర్తొస్తే ఇక ఏదీ ఆనదు. అదీ నిజమే, కాదనను. కానీ బామ్మర్ది గురించి అన్ని ప్రశ్నలు అడిగిన నోటికి తుల్సీరాం పేరు ఒక్కసారి రాలేదు. మోతీని "వాడితో పాటు ఇంకెవరైనా ఉన్నారా" అని అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా? అడగలేదు. లారీ ఎక్కేశాడు. దూలయ్య గొడ్డలి దించి, తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య భారతమ్మ లేదు, తమ్ముడి దగ్గర భద్రాచలంలో ఉంది. తల్లి పున్నమ్మ కల్లూరు నుంచి వచ్చి ఇల్లూ పిల్లల్నీ చూస్తోంది. కొడుకు మొహం చూసి ఆవిడ ఘొల్లుమంది. దిష్టి తీసింది, వేడినీళ్ళు పోసింది. చారన్నం కలిపి పెడితే గిన్నె నాకినంత పని చేశాడు. దుప్పటి ముసుగేసి తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

పొద్దున్నే పెరుగన్నంలో నిమ్మకాయ బద్ద నంజుకుంటూ ఉన్నాడు. రూప్లి గుమ్మంలోకి వచ్చింది. వెంకటప్పయ్య వచ్చాడని పంపు దగ్గర ఎవరో చెప్పారట, బిందె అక్కడే వదిలేసి వచ్చింది. చెయ్యి ఇంకా తడిగానే ఉంది. నవ్వుకుంటూ లోపలికి, వంటింటి వైపు, పెరటి వైపు చూసింది.

"మా ఆయనేడన్నా? స్నానానికి పోయిండా?" అంది.

వెంకటప్పయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "తుల్సీయా? భద్రాచలంలో... మా బసవాయి దగ్గర లేడూ?"

రూప్లి నవ్వు పోయింది. "ఆడెందుకుంటడు? నిన్న భారతక్క కబురంపింది గద. కూలోళ్ళు బసవపున్నయ్యన్న ఒక్కన్నే మోసుకొచ్చిండ్రంట. మా ఆయనను గూడ రమ్మంటే రానన్నడంట. 'వెంకటప్పన్న మనుషులను తీసుకొని వస్తడు, ఈడ ఎవ్వరు లేకుంటే అడవంత తిరుగుతడు, నేనుంటా' అన్నడంట. నువ్వు పోయి తోలుకొస్తవు, ఇద్దరు కలిసి వస్తరు అని చెప్పిందక్క. నువ్వొక్కనివే వచ్చినవా?"

వెంకటప్పయ్య ముద్దను కంచంలో వదిలేశాడు. ఎవరికి వాళ్ళు తుల్సీరాం ఇంకొకళ్ళ దగ్గరున్నాడనుకున్నారు. భారతమ్మ అనుకుందంటే అర్థముంది, ఆవిడకేం తెలుసు? తను ఎట్లా అనుకున్నాడు? ఇల్లు తగలబడుతోందన్నా కుర్చీ వదలొద్దని ఆ మనిషికి నూరిపోసిందే తను కదా! నేనొచ్చేదాకా కదలొద్దని చెప్పి వచ్చింది తనే కదా! దేవుడా, ఎంత పని చేశాను అనుకున్నాడు.

"జ్వరమొచ్చి పడిపోయా చెల్లెమ్మా. గూడెంలో రెండు రోజులు తెలివి లేదు," అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే చెప్పుకొచ్చాడు. "ఇప్పుడే ఎవర్నన్నా పంపిద్దాం. కాలనీలో నలుగురు కుర్రాళ్ళని..."

"ఎవరినంపుతవ్?" అంది రూప్లి. గొంతు పెంచలేదు. "ఎవరొచ్చినా ఆయన లేవడన్నా. నువ్వొస్తెనే లేస్తడు. నీకు తెలవదా?"

పున్నమ్మ అడ్డం పడింది. జ్వరం మనిషి, మళ్ళీ తిరగబెడితే ఎవరు దిక్కు అంది. వెంకటప్పయ్య తల్లిని పక్కకు తప్పించి చెప్పులు వేసుకున్నాడు. రూప్లి పిల్లను పక్కింటామెకు అప్పజెప్పి వచ్చింది. బస్సులో కొంత దూరం, ఎడ్లబండి మీద కొంత దూరం, మిగతాది నడక. దారి పొడుగునా ఆ మనిషి ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. తిట్టినా బాగుండు, ఏడ్చినా బాగుండు అనిపించింది వెంకటప్పయ్యకు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "బియ్యం ఎవరి సంచిల ఉండె?" అని అడిగింది. తుల్సీ దగ్గరే అన్నాడు. ఆమె తల ఊపింది.

చీకటి పడేవేళకు గూడెం చేరారు. దూలయ్య ఇద్దర్నీ చూసి, ఏమీ అడక్కుండానే సంగతి గ్రహించాడు. "నేను పోతనంటి గద నాయనా," అన్నాడు ఒక్కటే మాట. రూప్లి చటుక్కున వెంకటప్పయ్య వైపు చూసింది. ఆయన నేల చూపులు చూశాడు. ఇంకా ఎన్ని చూపులు పడాలో!

తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టారు. దూలయ్య, అతని మనుషులు నలుగురు డోలీ కర్ర, దుప్పటి పట్టుకుని ముందు నడిచారు. వాన లేదు గానీ బండలు తడిగానే ఉన్నాయి. వెంకటప్పయ్యకు పది అడుగులకొకసారి ఆయాసం. ఆగుదామని ఎవరూ అనలేదు, ఆయనా అనలేదు. మనసులో ఒకటే మొక్కు. స్వామీ, వాడు బతికుంటే చాలు, మొహాన ఉమ్మేసినా పడతాను, బతికుంటే చాలు. ఎప్పుడూ కొబ్బరికాయకు మించి మొక్కని మనిషి ఆ రోజు గుండు దగ్గర్నుంచి పొర్లుదండాల దాకా అన్నీ మొక్కాడు.

కనుమ దాటి చూస్తే నల్లమడుగు గట్టు మీద సన్నగా పొగ లేస్తోంది. రూప్లి పరుగెత్తింది. బండ కింద మూడు సంచులూ వరసగా, టార్పాలిన్ కప్పి, తడవకుండా ఉన్నాయి. నిప్పు మీద పచ్చి ఆకులు వేసి ఉన్నాయి, పొగ దూరానికి కనపడాలని. గిన్నెలో ఎండిపోయిన గంజి ఉంది. మనిషి లేడు.

"ఓ తుల్సీ!" అని అరిచాడు వెంకటప్పయ్య. కొండ అదే మాట తిరిగి అరిచింది. రూప్లి తమ భాషలో పిలిచింది. నీళ్ళ వైపు తిరిగి మళ్ళీ మళ్ళీ పిలిచింది. ఆ గొంతు వింటుంటే దూలయ్య మనుషులు కూడా తలలు దించుకున్నారు. మడుగు నిశ్చలంగా నల్లగా ఉంది. వెంకటప్పయ్య దాని వైపు చూడలేకపోయాడు.

అప్పుడు, నీళ్ళు లోయలోకి దూకే కొస నుంచి, కర్ర పొడుచుకుంటూ ఒక మనిషి పైకి వచ్చాడు. గడ్డం మాసింది. కళ్ళు గుంటలు పడ్డాయి. రెండు పాదాలకూ చింపిన పంచె పీలికలు చుట్టి ఉన్నాయి, వాటి నుంచి రక్తం కారుతోంది. రూప్లి పోయి పట్టుకుంది. తుల్సీరాం ఆమెను చూడలేదు. ఆమె భుజం మీదుగా వెంకటప్పయ్యను చూసి కర్ర జారవిడిచాడు. ఉన్నపాటున కింద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"బతికే ఉన్నవా అన్నా? సచ్చిపోయినవనుకున్న గద నువ్వు!"

వెంకటప్పయ్య పోయి పక్కన కూర్చున్నాడు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"రేపొస్తనని పోయినవ్. రేపు రాలే, ఎల్లుండి రాలే," అన్నాడు తుల్సీరాం, మొహం తుడుచుకుంటూ. "వెంకటప్పన్న పానముంటే రాకుండ ఉండడు, నా తోటి చెప్పిపోయిండు, బామ్మర్ది కాలిరిగి పడున్నడు, ఎట్ల రాడు అనుకున్న. నాకు నమ్మకమైంది, బండ మీది నుంచి జారి లోయల పడ్డవని. రోజు దిగి వెతికిన. ఆ పొదలల్ల, ఆ బండల సందులల్ల. కాళ్ళు పోయినయ్ చూడు. నిన్న మడుగుల మునిగి నీ పేరు మీద మూడు దోసిళ్ళ నీళ్ళిడిసిన అన్నా. నీ కొడుకులు లేరు గద ఈడ, ఎవరో ఒకరు ఇడవాలె గద అని."

"నీళ్ళు వదిలాక ఇంకా ఎందుకు దిగావురా లోయలోకి?" అన్నాడు వెంకటప్పయ్య.

"శవం దొరకాలె గద. నువ్వు దొరకకుంట నేనొక్కన్నే ఇంటికి పోతే భారతక్కకు ఏం చెప్పాలె?"

దూలయ్య పక్కకు తిరిగి చెట్ల వైపు చూస్తున్నాడు. తుల్సీరాం ఏడుస్తూనే నవ్వాడు. "ఏమైందన్నా మరి? ఏడ చిక్కుకున్నవ్?"

"జ్వరం, తుల్సీ. గూడెంలో పడిపోయా. రెండు రోజులు ఒంటి మీద తెలివి లేదు."

"గదే! గట్లే ఉంటదని ఎందుకనుకోలే నేను! కాలుసేతులు ఆడితే వెంకటప్పన్న రాకుండ ఉంటడా?" అని తుల్సీరాం పెళ్ళాం వైపు తిరిగాడు. "చూసినవా? జ్వరమంట."

రూప్లి మొగుడి పాదాల పీలికలు విప్పుతోంది. తల ఎత్తలేదు. "ఇంకేమన్న ఉంటే నువ్వే చెప్పన్నా," అంది. "నేను చెప్తే మంచిగుండదు."

అక్కడ ఆగిపోవచ్చు. జ్వరం అబద్ధం కాదు. దూలయ్య నోరు విప్పడు, రూప్లి ఇంకో మాట అనదు, తుల్సీరాం జన్మలో అడగడు. పాల్వంచ పోయి ఎప్పటిలాగే ఒకే షిఫ్టులో కూర్చోవచ్చు. వెంకటప్పయ్యకు ఇదంతా క్షణంలో తోచింది. అదీ ఆయన నోరు, ఎన్ని కోటలైనా దాటిస్తుంది. కానీ ఆ పచ్చి పుండ్లు పడ్డ పాదాలు ఎదురుగా ఉన్నాయి. వాటిని చూస్తూ అబద్ధమాడటం ఆయన వల్ల కాలేదు.

"మొన్న పొద్దున్నే జ్వరం దిగింది తుల్సీ. దూలయ్య అప్పుడే వస్తానన్నాడు. గొడ్డలి భుజానేసుకుని బయల్దేరాడు కూడా. నేనే వద్దన్నా. బసవాయిని దవాఖానాలో వేశారని తెలిసింది, నువ్వూ వాడితోనే పోయుంటావనుకున్నా. అనుకున్నా అంటే... అడగలేదు. వాడి గురించి అన్నీ అడిగా. నీ గురించి ఒక్క మాట అడగలేదు. లారీ ఎక్కి ఇంటికి పోయా. అన్నం తిని పడుకున్నా. నిన్న పొద్దున్నే రూప్లి వచ్చి నువ్వేడని అడిగితే, అప్పుడు గుర్తొచ్చావు."

తుల్సీరాం మొహంలో నవ్వు కొంచెంసేపు అలాగే ఉండి, ఎక్కడికి పోవాలో తెలియనట్టు మెల్లగా పోయింది. తిడతాడేమోనని వెంకటప్పయ్య ఎదురుచూశాడు. తిట్టలేదు. తన కాళ్ళను చూసుకున్నాడు, మడుగును చూశాడు.

"నువ్వు సచ్చిపోయినవని రెండు దినాలు ఏడ్చిన అన్నా," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. "గా ఏడుపే మంచిగుండె."

రూప్లి భుజం పట్టుకుని లేచి, డోలీ దగ్గరకు కుంటుకుంటూ నడిచాడు.